జంట టోకెన్

"జంట టోకెన్ వచ్చింది, జరగండమ్మా జరగండి!" అని గేటు దగ్గర టిక్కెట్లావిడ రోజూ అరిచే ఆ అరుపుకే అక్కకి సగం ప్రాణం విసిగిపోయేది. మనుషులు రాలేదట, టోకెన్ వచ్చిందట!

ఈతకొలనుకి వచ్చే పిల్లలందరికీ చేతికి తొడుక్కోడానికి తెల్ల రబ్బరు పట్టీ ఇచ్చేవారు. ఏడేళ్ళు నిండనివాళ్ళకి మాత్రం విడిగా పట్టీ లేదు. పదేళ్ళు దాటినవాళ్ళెవరో ఒకరు వెంట ఉండాలి. ఇద్దరికీ ఒకే నెంబరున్న ఎర్ర పట్టీలు వేస్తారు. నీళ్ళలో ఉన్నంతసేపూ ఆ ఇద్దరూ చెయ్యి చాపితే అందేంత దూరంలోనే ఉండాలి. కాస్త ఎడంగా జరిగారో, ఈత మాస్టారి విజిల్ మోగుతుంది, ఇద్దర్నీ పైకి లాగి గట్టు మీద పది నిమిషాలు కూచోబెడతారు. అదీ జంట టోకెన్ అంటే. అక్కకి పదేళ్ళు నిండిన వేసవిలో ఆ ఎర్ర పట్టీ చేతికెక్కింది. ఇప్పుడు పన్నెండు. మూడు వేసవుల నుంచీ అదే పట్టీ, అదే చెల్లెలు, అదే నడుములోతు నీళ్ళు.

చెల్లెలికి పేరంటూ ఒకటుంది, బళ్ళో హాజరు వేసుకోడానికి. ఇంటా బయటా అందరూ పిడుగనే అంటారు. ఆరేళ్ళు. అక్కకి ఆ మాత్రం పేరు కూడా మిగల్లేదు. పిడుగు పొద్దస్తమానం అక్కా అక్కా అని అరిచి అరిచి, అమ్మానాన్నల దగ్గర్నుంచి టిక్కెట్లావిడ దాకా అందరి నోటా అదే పేరు పెట్టించింది. ఒకరోజు మాస్టారు కూడా, అంత మీసాలున్న మనిషి, "అక్కా, గట్టు మీద పరిగెత్తకూడదు!" అని కేకేశాడు. కొలను కొలనంతా నవ్వింది.

ఆ బుధవారం బ్యాచ్ అయిపోయాక మాస్టారు పొడుగ్గా విజిల్ ఊది అందర్నీ గట్టు మీద వరసగా కూచోబెట్టాడు.

"శనివారం ఆఖరి పెద్ద పరీక్ష. లోతు వైపు అడ్డంగా నాలుగుసార్లు. ఎక్కడా ఆగకూడదు, గట్టు పట్టుకుని వేలాడకూడదు. పాసైతే నీలం టోపీ. ఆదివారంతో వేసవి బ్యాచ్‌లు అయిపోయినట్టే. పన్నెండేళ్ళవాళ్ళు చెవులు పెట్టి వినండి. వచ్చే ఏడు మీకు పిల్లల బ్యాచ్ ఉండదు. తెల్లారి ఐదింటికి పెద్దవాళ్ళ బ్యాచ్‌లో రావాలి. ఆ తర్వాత మీ ఇష్టం, మీ ఇంట్లోవాళ్ళ ఇష్టం."

తెల్లారి ఐదింటికి ఇంట్లోవాళ్ళు ఎలాగూ పంపరు. అంటే ఈ శనివారమే.

కొలను మధ్యగా పూసల తాడు ఒకటి కట్టి ఉండేది. తాడుకి ఇవతల తెల్లటోపీలు, పాల పళ్ళ గుంపు. అవతల నీలం టోపీలు, పలక మీంచి దూకేవాళ్ళు, అడుగుదాకా మునిగి గచ్చు ముట్టుకుని వచ్చేవాళ్ళు. అక్కవాళ్ళ ఇంటి పైవాటాలో ఉండే పిల్ల, అక్క కంటే మూడు నెలలు చిన్నది, పోయినేడే తాడు దాటేసింది. అప్పట్నుంచీ రోజుకోసారి ఈదుకుంటూ వచ్చి తాడు మీద గడ్డం ఆనించి, "ఇక్కడ కాళ్ళకి ఏమీ తగలదే! కింద నీళ్ళెంత చల్లగా ఉంటాయో! మీ వైపు కాస్త వెచ్చగా ఉంటాయి కదూ?" అని పరామర్శించి పోయేది. ఇటు వైపు నీళ్ళు ఎందుకు వెచ్చగా ఉంటాయో అందరికీ తెలుసు. చిన్నపిల్లలు అడిగి వెళ్తారా ఏమన్నా!

అక్క లేచి మాస్టారి వెనకే నడిచింది. చెయ్యి పట్టుకుని పిడుగూ నడిచింది, తప్పదు కాబట్టి.

"మాస్టారూ, నేనూ పరీక్షకి వస్తానండీ."

"పట్టీ ఏదీ?"

చూపించింది.

"ఎర్ర పట్టీతో తాడు దాటకూడదు. ఆ కాసేపూ దీన్ని ఇంకెవరైనా చూసుకుంటే నీకు తెల్ల పట్టీ ఇస్తారు. ఎవర్నైనా తెచ్చుకో." అంతలో అటు వైపు ఎవడో చెప్పులు నీళ్ళలోకి విసిరాడు. మాస్టారు విజిల్ నోట్లో పెట్టుకుని పరిగెత్తాడు, గట్టు మీద పరిగెత్తకూడదన్న మనిషే.

ఎవర్నైనా తెచ్చుకోవాలట! ఎవరున్నారు?

*

గురువారం పొద్దున్నే అమ్మ దగ్గర మొదలుపెట్టింది.

అమ్మది పాత బట్టలు కురచా పొడుగూ చేసి ఇచ్చే కొట్టు. ఒక మిషను, ఒక బల్ల, నిలబడి చూసుకోడానికి ఒక అద్దం. బళ్ళు తెరిచే ముందు వారం కాబట్టి బల్ల మీద యూనిఫాంలు మెడదాకా పేరుకుని ఉన్నాయి. అమ్మ ఒక నీలం గౌను అంచు విప్పుతోంది, పళ్ళ మధ్య నాలుగు గుండుసూదులు.

"అమ్మా, శనివారం మధ్యాహ్నం ఒక్క గంట కొట్టు మూసి వస్తావా?"

"ఊఁ."

"ఊఁ అంటే వస్తానా, రానా?"

అమ్మ సూదులు ఒక్కొక్కటే తీసి గౌను అంచుకి గుచ్చుకుంటూ పోయింది. నాలుగూ అయ్యాక గాని నోరు తెరవలేదు. "ఎక్కడికి?"

అక్క అంతా చెప్పింది. నాలుగుసార్లు అడ్డంగా ఈదడం, నీలం టోపీ, వచ్చే ఏడు బ్యాచ్ ఉండదనడం. చెబుతున్నంతసేపూ పిడుగు బల్ల కింద దూరి రంగు రంగుల దారపు ఉండలన్నీ దొర్లించేసింది. అవి ఏరుకుంటూనే చెప్పాల్సి వచ్చింది.

"ఈ కుప్ప కనబడుతోందా నీకు? శనివారం సాయంత్రానికి ముప్ఫై గౌన్లు ఇవ్వాలి. నీళ్ళలో ఆడుకోడానికి కూడా పరీక్షలేమిటే, బళ్ళో రాసేవి చాలడం లేదా? వచ్చే ఏడు చూద్దాంలే."

"వచ్చే ఏడు లేదని చెబుతున్నాగా అమ్మా!"

"అయితే ఆ పై ఏడు." సూదులు మళ్ళీ పళ్ళ మధ్యకి వెళ్ళాయి. అక్క గుమ్మం దాటుతుంటే వాటి సందులోంచే వినబడింది. "దాని చెయ్యి మాత్రం వదలకు!"

రోజూ ఇదే. బడికి పోతుంటే దాని చెయ్యి వదలకు, రోడ్డు దాటుతుంటే దాని చెయ్యి వదలకు. కొలనుకి వెళ్తుంటే అయితే రెండుసార్లు. దాని చెయ్యి సంగతే గాని తన చెయ్యి సంగతి అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు.

నాన్న అచ్చాఫీసులో రాత్రి డ్యూటీ. పగలంతా కళ్ళ మీద తువ్వాలు కప్పుకుని పడుకుంటాడు. అక్క మంచం పక్కన నిలబడి మూడుసార్లు పిలిచాక తువ్వాలు ఒక వైపు లేచింది.

"నాకు ఈత రాదు కదమ్మా."

"ఈదక్కర్లేదు నాన్నా, నిలబడితే చాలు. నడుములోతే."

"నడుములోతులో ములిగినవాళ్ళ వార్తలు ఎన్ని అచ్చేశానో నీకేం తెలుసు!" అని తువ్వాలు దించేశాడు. నిమిషం తిరక్కుండా గురక. నిజంగా గురకో, అక్క వెళ్ళిపోవాలని పెట్టిన గురకో ఆ తువ్వాలుకే తెలియాలి.

ఇక మిగిలింది బాబాయి. ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు, ఇంట్లో అందరికంటే పెద్ద గొంతు. సాయంత్రం వచ్చి సంచీ దించాడో లేదో అక్క సంగతంతా ఊపిరి తీసుకోకుండా చెప్పేసింది.

"ఓస్, ఇంతేనా! దీనికి ఇంత మొహం వేలాడేసుకోవాలా? నేనున్నాగా!" అని రొమ్ము చరుచుకున్నాడు. "శనివారం నాలుగింటికి గేటు దగ్గర ఉంటా. పిడుగుని భుజమ్మీద కూచోబెట్టుకుని కొలనంతా తిప్పుతా. నీ వయసులో నేను కాలవలో ఈదుతుంటే మొసళ్ళు పక్కకి తప్పుకునేవి, తెలుసా?"

"ఆ కాలవలో మొసళ్ళున్నాయా బాబాయ్?" అంది పిడుగు.

"నేను దిగాక ఉంటాయా మరి!"

బాబాయి మాట నీటి మీద రాత అని ఇంట్లో అందరికీ తెలుసు. అక్కకీ తెలుసు. కాని మునిగేవాడికి గడ్డిపోచ దొరికితే చాలు కదా, గట్టిగా పట్టుకుంది.

*

శుక్రవారం అక్క సాధన మొదలుపెట్టింది. జంట టోకెన్‌తో సాధన అంటే ఎలా ఉంటుందో చేసినవాళ్ళకే తెలుస్తుంది.

కుడిచేత్తో పిడుగు మణికట్టు పట్టుకోవాలి. ఎడమచేత్తో నీళ్ళు తొయ్యాలి. కాళ్ళు ఆడించాలి. తల తిప్పి ఊపిరి పీల్చినప్పుడల్లా పిడుగు తల నీళ్ళపైనే ఉందో లేదో చూసుకోవాలి. ఆ పిల్లేమో ఊరికే రాదు, బరువైన సంచీలాగా ఒక పక్కకి లాగుతూ, కాళ్ళు తపతప కొడుతూ, నీళ్ళన్నీ అక్క మొహాన చిమ్ముతూ వస్తుంది. మూడేళ్ళుగా అక్క నేర్చుకున్న ఈత అంతా ఇదే. ఎవరూ నేర్పలేదు. తాడుకి ఇవతలే అడ్డంగా అటూ ఇటూ, అటూ ఇటూ, ఆ ఎండాకాలాల్లో ఎన్ని వందలసార్లు తిరిగిందో లెక్కలేదు.

"కాళ్ళు కాస్త నెమ్మదిగా ఆడించవే!"

"నెమ్మదిగా ఆడిస్తే ములుగుతా."

"నువ్వు ములగవు, నేను పట్టుకున్నాగా."

"నువ్వు పట్టుకున్నావు కాబట్టే ములుగుతున్నా!"

దానితో వాదన పెట్టుకుంటే తెల్లారినట్టే అనుకుని అక్క ఇంకా గట్టిగా పట్టుకుంది. రెండోసారి తిరుగుతుండగా ఆ చిన్న మణికట్టు చేపలాగా జారిపోయింది. అక్క తల తిప్పి చూసేసరికి తెల్లటోపీ నీళ్ళ కింద ఉంది, బారెడు దూరంలో, ఇంకా దూరంగా పోతోంది. ఒక్క ఉరుకున వెళ్ళి భుజం దగ్గర బట్ట పట్టుకుని పైకి లాగింది.

"చచ్చేదానివి! బుద్ధుందా? చేతిలోంచి ఎలా జారావే?"

పిడుగు నీళ్ళు చీదింది. తర్వాత మొహం ఎర్రగా చేసుకుని, రెండు పిడికిళ్ళతోనూ అక్క కడుపు మీద కొడుతూ ఏడుపు అందుకుంది. భయపడిందనుకుంది అక్క. ఎత్తుకుని వీపు నిమరబోతే ఇంకా గింజుకుంది. విజిల్ మోగింది. పది నిమిషాలు గట్టు మీద.

కాలే గచ్చు మీద ఇద్దరూ కాళ్ళు ముడుచుకుని కూచున్నారు. తాడుకి అవతల పైవాటా పిల్ల పలక మీంచి దూకి, అడుగుకి వెళ్ళి, చాలాసేపటికి తేలింది. కావాలని అంతసేపు ఉంటుంది, అక్క చూస్తోందని తెలుసు దానికి.

"ఈ వేసవిలో నాకు పది నిమిషాలు, ఇరవై నిమిషాలు, అన్నీ కలిపితే సగం గట్టు మీదే అయిపోయింది నీ వల్ల," అంది అక్క.

"నా వల్లా?" అంది పిడుగు.

"కాక ఎవరి వల్ల?"

పిడుగు ఏదో అనబోయి, మూతి బిగించుకుని గచ్చు మీద తడి వేలితో గీతలు గీస్తూ కూచుంది. గీత గీసీ గీయకముందే ఆరిపోతోంది.

*

శనివారం మూడున్నరకే అక్క గేటు దగ్గర ఉంది. నాలుగైంది. నాలుగుంపావైంది. ప్రతి సైకిలూ బాబాయిలాగే కనబడింది, దగ్గరికొచ్చేసరికి ఇంకెవరో అయింది. పైవాటా పిల్ల లోపలికి పోతూ, "మీ బాబాయి ఇంకా రాలేదా? పాపం," అంది. ఆ పాపం అన్న మాటకి అక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది.

కిటికీలో టిక్కెట్లావిడ ఫోన్ మోగింది. ఆవిడ విని, పెట్టేసి, తల బయటికి పెట్టింది.

"ఏమ్మా అక్కా, మీ బాబాయట. ఐస్‌క్రీం కొట్లో పెద్ద ఫ్రిజ్ ఆగిపోయిందట. సరుకంతా కరిగి కారిపోతోందట. రాలేనని చెప్పమన్నాడు. వచ్చే వారం తప్పకుండా వస్తాడట."

వచ్చే వారం! వచ్చే వారం కొలను గేటుకి తాళం ఉంటుంది. అక్క కళ్ళలోకి నీళ్ళు ఎగదన్నుకొచ్చాయి. ఏడవకూడదని పళ్ళు బిగబట్టింది గాని ఆగలేదు. కొట్లో ఐస్‌క్రీం కరిగితే పరిగెత్తేవాళ్ళున్నారు, తన వేసవి మూడేళ్ళుగా కరిగిపోతుంటే తొంగిచూసినవాళ్ళు లేరు. ఆ కోపం ఎవరి మీద చూపాలో తెలీక పక్కనున్నదాని మీద పడింది.

"నువ్వు పుట్టకముందు ఎంత హాయిగా ఉండేదాన్నో తెలుసా నీకు?"

పిడుగు అక్క మొహంలోకి చూసింది. ఏడవలేదు. "నాకెలా తెలుస్తుంది, నేను లేనుగా," అంది మెల్లిగా.

ఆ మాటకి అక్కకి తన మీద తనకే ఒళ్ళు మండింది. ఎర్ర పట్టీలు తీసుకుని, ఒకటి దానికి తొడిగి, ఒకటి తను తొడుక్కుని, దాని చెయ్యి పట్టుకుని సరాసరి మాస్టారి దగ్గరికి నడిచింది. లోతు వైపు గట్టు మీద ఆరుగురు పిల్లలు వరసలో నిలబడున్నారు. మాస్టారు చేతిలో అట్టకి పెట్టిన కాగితం, భుజానికి ఆనించి పొడుగాటి కర్ర.

"మాస్టారూ, మా బాబాయి రాలేదండీ. ఒక్క పది నిమిషాలు దీన్ని మీ పక్కన కూచోబెట్టుకోండి. కదలకుండా కూచుంటుంది. కట్టేసినా సరే."

"ఏం మాటలమ్మా అవి! పిల్లల్ని చూసుకుంటూ పరీక్ష ఎలా పెట్టను?"

"మూడేళ్ళండీ!" అక్క గొంతు తనకే తెలీనంత పెద్దగా లేచింది. వరసలో పిల్లలందరూ ఇటు తిరిగారు. "మూడేళ్ళ నుంచీ ఈ ఎర్ర పట్టీయే. అందరూ తాడు దాటారు. నేను మాత్రం దీని చెయ్యి పట్టుకుని నడుములోతులో నిలబడ్డాను. అమ్మని అడిగితే ఆ పై ఏడంది. నాన్నని అడిగితే గురక పెట్టాడు. ఇంకెవర్ని అడగాలండీ?"

మాస్టారు కర్ర దించాడు. అక్కని, పిడుగుని, రెండు పట్టీల్నీ మార్చి మార్చి చూశాడు.

"ఇంత బాధపడేదానివి దీనికి చిన్న పరీక్ష ఎందుకు పెట్టించలేదు?"

"ఏ చిన్న పరీక్ష?"

"ఏ చిన్న పరీక్షేమిటి! నడుములోతులో అడ్డంగా ఒక్కసారి సొంతంగా ఈదితే, ఏడు నిండకపోయినా విడిగా తెల్ల పట్టీ ఇస్తాం. గేటు దగ్గర బోర్డు మీద ఉంది కదమ్మా, ఆఖరి లైను."

గేటు దగ్గర బోర్డు. అక్క వెనక్కి తిరిగి చూసింది. బోర్డు పైన సగం కనబడుతోంది, ఉమ్మకూడదు, సబ్బు రాయకూడదు, పరిగెత్తకూడదు. కింద సగం మీద, మూడు వేసవులుగా ఎప్పుడు చూసినా, టిక్కెట్లావిడ ఆరేసిన తడి టోపీలు.

"ఆంటీ! ఆ లైను సంగతి ఒక్కసారైనా చెప్పలేదేం?"

"నువ్వు అడిగావా?" అంది కిటికీలోంచి టిక్కెట్లావిడ, ఏమాత్రం తొణక్కుండా. "అడగందే అమ్మయినా పెట్టదు. అయినా మీ అక్కాచెల్లెళ్ళకి అదే ఇష్టమేమో అనుకున్నా. ఎప్పుడూ చేతులు పట్టుకునే ఉంటారుగా, ముచ్చటగా."

ముచ్చటట! అక్కకి బోర్డు పీకి కొలనులో పారేయాలనిపించింది. కాని దాని వల్ల మాత్రం ఏం ఒరుగుతుంది?

"తెలిసినా ఏం లాభం లెండి మాస్టారూ. దీనికి ఈత రాదు."

"వచ్చు," అంది పిడుగు.

"రాదు! నిన్న చూశాంగా, చేతిలోంచి జారి ములిగిపోయావు."

"జారలేదు. నేనే లాక్కున్నా. ములగలేదు కూడా, కింద నుంచి ఈదుతున్నా. నువ్వే వచ్చి పట్టేసుకున్నావు." పిడుగు మాస్టారి వైపు తిరిగింది. "మొన్న కూడా అంతే. అటు మొన్న కూడా. ఎప్పుడు వదిలించుకున్నా పట్టేసుకుంటావు. ఈ అక్కతో నాకు ప్రాణం విసిగిపోతోందండీ మాస్టారూ. ఎప్పుడు చూసినా చెయ్యి, చెయ్యి, చెయ్యి!"

వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. అక్క నవ్వలేదు. అవి తన మాటలే. నాలుగు రోజులుగా కనబడిన ప్రతి మనిషి దగ్గరా తను వెళ్ళబోసుకున్న గోడే అక్షరం పొల్లుపోకుండా ఆ పిల్ల నోట్లోంచి వస్తోంది.

మాస్టారు కాగితం చంకలో పెట్టుకుని నడుములోతు వైపు నడిచాడు. "రండి. చూద్దాం."

ముగ్గురూ ఇవతలి గట్టు దగ్గరికి వచ్చారు. అక్కాచెల్లెళ్ళు నీళ్ళలోకి దిగారు. మాస్టారు అవతలి గట్టు చూపించాడు. "అక్కడిదాకా. అక్క చెయ్యి వదిలెయ్యాలి."

"వదిలానండీ," అంది అక్క.

"ఏదీ? నీ చెయ్యి చూసుకో."

చూసుకుంది. ఎర్ర పట్టీ పైన, ఆ పిల్ల మణికట్టు చుట్టూ తన అయిదు వేళ్ళూ బిగుసుకుని ఉన్నాయి. పిడుగు చెయ్యి ఏమో తెరుచుకునే ఉంది. వేళ్ళు చాపుకుని, ఎప్పుడు విడుస్తారా అని చూస్తోంది. అక్క ఒక్కో వేలూ తీసింది.

పిడుగు వెళ్ళిపోయింది. కుక్కపిల్ల ఈదినట్టు గడ్డం పైకెత్తుకుని, చేతులు చకచకా తవ్వుతూ, కాళ్ళు తపతప కొడుతూ. అందంగా లేదు, నెమ్మదిగానూ లేదు, కాని పోతోంది. మధ్యలో ఒకసారి తల మునిగింది. అక్క ముందుకు ఉరకబోయింది. మాస్టారి కర్ర అడ్డంగా వచ్చి రొమ్ముకి తగిలింది. "ఉండు."

తల తేలింది. ఇంకో నాలుగు బారలు. అవతలి గట్టుకి చిన్న అరచెయ్యి తాకిన చప్పుడు వినబడింది.

"ఎప్పుడు నేర్చుకున్నావే?" అని అరిచింది అక్క.

"పోయినేడే!" అని అరిచింది పిడుగు.

పోయినేడట! పోయినేడంతా, ఈ ఏడంతా, ఈత వచ్చిన పిల్లని ఈత రాదని పట్టుకుని నిలబడింది తను. నవ్వాలో ఏడవాలో తెలీలేదు అక్కకి. రెండూ కొంచెం కొంచెం వచ్చాయి.

టిక్కెట్లావిడ రెండు తెల్ల పట్టీలు తెచ్చి ఎర్రవి లాగేసింది. మణికట్టు దగ్గర అక్క చర్మం పాలిపోయి మెత్తగా ఉంది.

*

అక్క వరసలో ఆఖరున నిలబడింది. పాసైనవాళ్ళు పాసయ్యారు, ఒకడు మూడోసారికి గట్టు పట్టుకుని దగ్గుతూ కూచున్నాడు. తన వంతు వచ్చింది.

నీళ్ళు నిజంగానే చల్లగా ఉన్నాయి. కాళ్ళకి నిజంగానే ఏమీ తగల్లేదు. ఆ పైవాటా పిల్ల అబద్ధం చెప్పి ఉంటే బాగుండేదనిపించింది. అక్క గట్టు వదిలి బయలుదేరింది, కళ్ళు అవతలి గట్టు మీదే పెట్టుకుని. పది బారలు వేశాక తలెత్తి చూస్తే ఎదురుగా గట్టు లేదు, పూసల తాడుంది. ఎలా వచ్చిందిది ఇక్కడికి? మళ్ళీ దారిలోకి తిరిగింది. మళ్ళీ తాడు వైపే పోయింది.

"ఏమ్మా, రెండో చెయ్యి ఇంట్లో పెట్టొచ్చావా?" అన్నాడు మాస్టారు గట్టు వెంట నడుస్తూ.

అప్పుడు తెలిసింది. ఎడమచెయ్యి ఒక్కటే తోస్తోంది. కుడిచెయ్యి పిడికిలి బిగించుకుని, పక్కకి చాపుకుని, లేని పిల్లని లాక్కుంటూ వస్తోంది. మూడేళ్ళు అలా ఈదిన చేతికి ఇవాళ పట్టుకోడానికి ఎవరూ లేరని ఎవరు చెబుతారు?

ఒకసారి అడ్డంగా అయింది. రెండోసారి అంతా ఆ చేత్తోనే పోట్లాట. విప్పమంటే విప్పుకునేది, నాలుగు బారలు వేసేది, ఊపిరి కోసం తల తిప్పగానే మళ్ళీ ముడుచుకునేది. నీళ్ళు మింగింది. ముక్కులోకి మందు వాసన ఘాటుగా ఎక్కింది. మూడోసారికి భుజాలు పట్టేశాయి. ఊపిరందడం లేదు. గట్టు బారెడు దూరంలో ఉంది, చెయ్యి చాపితే అందుతుంది, అందుకుంటే అన్నీ అయిపోతాయి. ఇంతకాలం ఎవరెవరో అడ్డంపడ్డారు, కనీసం ఇప్పుడు తనకి తను అడ్డంపడకూడదు అనుకుంది. చెయ్యి చాపలేదు. కాలితో గట్టుని తన్ని తిరిగింది.

నాలుగోసారి మాత్రం కోపంతో ఈదింది. అమ్మ మీద, ఆ గుండుసూదుల మీద, నాన్న తువ్వాలు మీద, ఐస్‌క్రీం కొట్టు మీద, బోర్డు మీద టోపీల మీద. ఒక్కొక్కళ్ళని తలుచుకుని ఒక్కో బార వేసింది, కుడిచేత్తో ఒకళ్ళని, ఎడమచేత్తో ఒకళ్ళని. మనుషులు అయిపోయేసరికి గట్టొచ్చింది.

మాస్టారు వంగి చూశాడు. "ఇదీ ఒక ఈతేనా!" అన్నాడు. "తాడుని నాలుగుసార్లు గుద్దావు. ఎద్దు బండిలాగా ఒక పక్కకి పోతావు." కాగితం మీద టిక్కు పెట్టి, నీలం టోపీ తీసి అక్క తల మీద పడేశాడు. "నాలుగుసార్లు అయితే అయ్యాయి. రేపు పది నిమిషాలు ముందొస్తే ఆ కుడిచెయ్యి సంగతి చూస్తాను."

బ్యాచ్ అయిపోడానికి ఇంకా పావుగంట ఉంది. అక్క లోతు నీళ్ళలో ఉంది, నీలం టోపీతో. పైవాటా పిల్ల ఈదుకుంటూ వచ్చి, "పలక మీంచి దూకుదాం రా, అడుగు ముట్టుకునే పందెం," అంది. ఏడాదిగా ఈ మాట కోసమే కాచుక్కూచుంది అక్క.

"వస్తున్నా, ఒక్క నిమిషం," అంది.

తాడు దగ్గరికి వెళ్ళి, పూసల మీద గడ్డం ఆనించి, అటు వైపు తెల్లటోపీల్లో వెతికింది. ఇరవై తెల్లటోపీలు, అన్నీ ఒకలాగే ఉన్నాయి. అదిగో. మెట్ల దగ్గర ఇద్దరు పిల్లలతో చేరి, నీళ్ళు నోట్లో పోసుకుని పుక్కిలించి చిమ్మే పందెంలో ఉంది.

"ఒసేయ్ పిడుగూ! చూడవే, టోపీ!"

వినబడలేదు. వినబడినా తిరగలేదేమో.

"ఒసేయ్, నిన్నే! ఒక్కసారి ఇటు చూడవే!"

పిడుగు తల తిప్పకుండానే ఒక చెయ్యి మాత్రం పైకెత్తి, ఈగని తోలినట్టు విసిరింది. "అబ్బ, ఉండవే అక్కా! ఆటలో ఉన్నానని కనబళ్ళేదూ?"

వెనక నుంచి పైవాటా పిల్ల పిలుస్తోంది. ఒకసారి పిలిచింది, రెండుసార్లు పిలిచింది. అక్క తాడు వదల్లేదు. మూడేళ్ళలో మొదటిసారి ఆ పిల్ల చెయ్యి తన చేతిలో లేదు, దాన్ని చూసుకోమని తనకెవరూ చెప్పలేదు. అయినా అక్కడే వేలాడుతూ, ఆ తెల్లటోపీ ఇటు తిరిగితే చాలని చూస్తూ ఉండిపోయింది.